శాలువా ఎవరికి కప్పారు?

అమెరికాలో మేముండే కాపెల్‌లో మా తెలుగు సంఘం జరిపిన మహిళా దినోత్సవం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మా వీధిలోనే ఉండే ఒక ఇటాలియన్ నటిని ముఖ్య అతిథిగా పిలిచాం. నలభై దాటాక తల్లి వేషాలు తప్ప రాకపోయేసరికి, ఆవిడ పట్టుబట్టి దర్శకురాలైంది. ఆ కథంతా తన వంటింట్లో కాఫీ ఇస్తూ నాకు చెప్పింది. ఆవిడ తీసిన సినిమానే ఆ ఉదయం హాల్లో వేశాం.

వ్యాఖ్యాతను నేనే. ఆవిడ దర్శకత్వం గురించి పేజీన్నర రాసుకెళ్తే, మా అధ్యక్షుడు పెన్నుతో కొట్టేశాడు. "అంత టైమ్ లేదండీ. హీరోయిన్ అని ఇంట్రడ్యూస్ చేసేయండి, చాలు" అన్నాడు. అలాగే చేశాను.

సినిమా అయ్యాక అధ్యక్షుడు ఆవిడ చేతికి ఒక పూలగుత్తి ఇచ్చాడు. ఆవిడతో వచ్చిన తెల్లగడ్డం కెమెరామన్‌ను చూసి, "డైరెక్టర్ గారూ, రండి రండి!" అంటూ శాలువా తీసి ఆయనకు కప్పాడు. మహిళా దినోత్సవం రోజున! ఆయన కంగారుపడి రెండు చేతులూ ఆవిడవైపు చూపించాడు.

"చూశారా, ఎంత వినయమో!" అన్నాడు అధ్యక్షుడు. హాలంతా చప్పట్లు. ఆవిడ పూలగుత్తి పట్టుకుని నావైపే చూసింది. నేను నవ్వేసి, లంచ్ రెడీ అని అనౌన్స్ చేశాను.

ఇంటికి డ్రైవ్ చేస్తూ దారంతా అధ్యక్షుణ్ణి తిట్టిపోశాను. వెనక సీట్లోంచి పదేళ్ల మా అమ్మాయి అడిగింది: "బట్ అమ్మా, మైక్ నీ దగ్గరే ఉంది కదా?"