రోజు విడిచి రోజు

మా అక్క తీరిగ్గా కూర్చోగా చూసినవాళ్ళు తక్కువ. పొద్దస్తమానం కుట్టుమిషను ముందే ఉంటుంది గానీ దాన్ని కూర్చోవడం అనలేం. కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, నోరు సణుగుతూనే ఉంటుంది, కళ్ళేమో ఫ్యాను ఎవరు ఊరికే వేసి వదిలేశారా అని వెతుకుతుంటాయి. ఇంటికొచ్చాక మరీను. ఉన్న రెండు గదుల్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కుళాయి బిగిస్తుంది, పొయ్యి మంట తగ్గిస్తుంది, మా బావ పేపరు చదువుకుంటుంటే నెత్తి మీది లైటు తీసేసి "కిటికీ దగ్గరికి జరగొచ్చు కదా!" అంటుంది. ఆ పేపరు కూడా కొన్నది కాదు. పక్కింటాయన చదివి అవతల పడేసింది.

ఇదంతా అప్పు వచ్చాకే. అంతకుముందు మా అక్కది ఎముకలేని చేయి.

మా బావ చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి. సరుకులు తోలితే డబ్బే డబ్బని ఎవరో చెబితే, వడ్డీవ్యాపారి దగ్గర అప్పు తెచ్చి పాత వ్యాను ఒకటి కొన్నాడు. నెల తిరక్కుండానే దాని ఇంజను కాస్తా పోయింది. వ్యానుని పాత ఇనుము కొనేవాడు తూకానికి పట్టుకుపోయాడు. వడ్డీవ్యాపారి మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి మా గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. వచ్చేపోయేవాళ్ళని నవ్వుతూ పలకరిస్తూ ఊరికే కూర్చునేవాడు. పరువు తీయడానికి అంతకంటే ఏం కావాలి?

అప్పుడు అడక్కుండానే ఆదుకున్న మనిషి బొత్తాల పిన్ని.

ఆవిడ మాకు చుట్టం కాదు. మేం పనిచేసే కార్ఖానాలో హోటళ్ళకీ ఆసుపత్రులకీ యూనిఫారాలు కుడతారు. అక్కది మిషను పని, నాది ఇస్త్రీ చేసి మడతపెట్టే పని. పిన్ని బొత్తాలు కుడుతుంది. అందుకు మిషను ఉన్నా, అది కుట్టినవి నాలుగు ఉతుకులకే ఊడొస్తున్నాయని కోట్లకి మాత్రం మా యజమాని చేత్తోనే కుట్టిస్తాడు. పిన్ని చేయి పడిందంటే బట్ట చిరగాలి గానీ బొత్తాం ఊడదు. ఒంటి మనిషి. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నోరు మాత్రం పదిమంది పెట్టు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ తన భోజనం సంచీలోంచి ఒక మూట తీసి అక్క ఒళ్ళో పెట్టింది. "ఊరికే పడుందే. వడ్డీ వద్దు, కాగితం వద్దు. ఉన్నప్పుడు ఇద్దువు గానీ. ముందు ఆ కుర్చీవాణ్ణి లేపు" అంది.

కుర్చీవాడు లేచాడు. మా అక్క కూర్చోవడం మానేసింది.

"వడ్డీ ఉంటే బాగుండేదే," అనేది నాతో. "వాడి మొహాన వడ్డీ కొట్టి పడుకునేదాన్ని. ఈవిడ నన్ను ఒక్క మాట అనదు, ఒక్క చూపు చూడదు. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది."

అందుకని అప్పు తీరేదాకా ఒంటికాలి మీద నిలబడాలనుకుంది. అరిగిన సబ్బుముక్కలన్నీ తడిపి కొత్త సబ్బుకి అతికించేది. పళ్ళపేస్టు ట్యూబుని కత్తెరతో నిలువునా చీరి లోపలంతా గీకేది. బస్సు మానేసి నడక మొదలుపెట్టింది, పక్కన నేనూ నడవాల్సొచ్చింది. బావకి క్షవరం కూడా బట్టలు కత్తిరించే కత్తెరతో తనే చేసింది. బావ ఇప్పుడు ఎవరిదో వ్యాను తోలుతున్నాడు. ఆ తల చూసి తోటి డ్రైవర్లు వారం రోజులు నవ్వారట. నవ్వినందుకు డబ్బులేం పోవు కదా అంది అక్క.

కార్ఖానాలో ఆడవాళ్ళు మొదట్లో పీనాసి అని మూతి విరిచినా, తర్వాత ఒక్కొక్కరే పక్కన చేరారు. నూనె ఎలా కలిసొస్తుంది, గ్యాసు ఎన్నాళ్ళు లాగొచ్చు అని అడిగేవాళ్ళు. "ఏదైనా సరే, రాసినంత వాడక్కర్లేదు. సగం వాడి చూడండి, ఏమీ కాదు" అని మా అక్క మిషను తొక్కుతూనే పాఠం చెప్పేది. అందరికంటే శ్రద్ధగా వినేది బొత్తాల పిన్నే.

ఆ పిన్నిని చూస్తేనే అక్కకి కంగారు. చెప్పు తెగి తెగి ఇక పిన్నీసు కూడా ఆగనప్పుడు బావ కొత్త జత తెచ్చాడు. దాన్ని వేసుకోవడానికి ముందు మా మహాతల్లి గోడకేసి రుద్ది, మట్టి పూసి, పాతవి చేసింది. "పిన్ని చూస్తే ఏమనుకుంటుంది? నా డబ్బు పెట్టుకుని ఊరేగుతోంది అనుకోదూ?"

"ఆవిడ నీ కాళ్ళు చూస్తూ కూర్చుందా?"

"అప్పిచ్చినవాళ్ళకి అన్నీ కనిపిస్తాయే."

టీ కూడా అలాగే పోయింది. కెటిలు పట్టుకుని టీ అబ్బి వచ్చే వేళకి వాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద చేరి, లోకంలో ఉన్నవాళ్ళనందర్నీ ఆడిపోసుకునేవాళ్ళు. అప్పు తీసుకున్నాక అక్క "కడుపులో మంట పిన్నీ, మానేశా" అంది. పిన్ని కొనిపెడతానన్నా వద్దంది, అదీ బాకీలోకే వస్తుందని. నాలుగు రోజులు చూసి "నాకూ పడటం లేదే" అని పిన్నీ మానేసింది. టీ వేళ అవగానే ఇద్దరూ చెరో గోడా చూస్తూ కూర్చునేవాళ్ళు. నాకు సిగ్గు తక్కువ, నా టీ నేను తాగేదాన్ని.

మాటలు కూడా తగ్గాయి. ఒకసారి పిన్ని ఎందుకో నోరు జారి "మా ఇంటి ఓనరు అద్దె పెంచాడే" అంది. అంతే, అక్క మొహం మాడిపోయింది. మర్నాడే బాకీలో ఆ నెల ఇవ్వాల్సింది ముందుగా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆ వారమంతా మా ఇంట్లో కూరగాయ అన్నది కనబళ్ళేదు. ఆ తర్వాత పిన్ని ధరల మాటే ఎత్తలేదు. కాలు నెప్పి అనదు, ఖర్చు అనదు. అన్నీ బాగున్నాయే అంటుంది. అంత నోరున్న మనిషి మా అక్క ముందు మాత్రం ఆచితూచి మాట్లాడటం చూస్తే నాకు మండుకొచ్చేది.

ఇలా ఉండగా నేనొకటి గమనించాను. పిన్ని ముగించిన కోట్లు నేరుగా నా ఇస్త్రీ బల్ల మీదికి రావాలి. అవి రావడం లేదు. మా అక్క మధ్యలో దొంగలా లేచి వెళ్ళి, ఆ కట్ట తన మిషను వెనక్కి చేర్చుకుని, భోజనాల వేళ అందరూ వెళ్ళాక నాకు పంపుతోంది. ఒకరోజు నేను అన్నం డబ్బా మర్చిపోయి వెనక్కొస్తే, ఖాళీ హాల్లో కిటికీ పక్కన నిలబడి గబగబా బొత్తాలు ఊడదీసి మళ్ళీ కుడుతోంది.

"ఏంటే ఇది?"

ఉలిక్కిపడి వేలు పొడుచుకుంది. "అరవకు. చూడు." చూశాను. ఒక కోటుకి అడుగు బొత్తాం లేనే లేదు. ఇంకోదానికి వరస తప్పి పక్కకి పోయింది. చేతి మడత దగ్గర రెండుండాల్సిన చోట ఒకటే ఉంది. అన్నీ ఎడం వైపువే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చాన్నాళ్ళైంది. సూపర్వైజరు చూస్తే పంపించేస్తాడు. ఆవిడ వడ్డీ తీసుకోలేదు కదా, ఇది వడ్డీ అనుకో."

"ఆవిడకి చూపు ఆనడం లేదక్కా. చెప్పు. డాక్టరు దగ్గరికి వెళ్ళమను."

సూది నోట్లో పెట్టుకుని నా వైపు ఎంత కోపంగా చూసిందో! "ఏ మొహం పెట్టుకుని చెప్పను? వెళ్ళమంటే డబ్బు చేతిలో పెట్టాలి. ఆవిడ డబ్బంతా నా దగ్గరుంది, నా దగ్గరేమో డబ్బు లేదు. ఇంకొన్నాళ్ళు ఆగు. బాకీ తీర్చేసి, నేనే దగ్గరుండి తీసుకెళ్తా."

ఆగాం. అక్క ఇంకా గట్టిగా పొదుపు చేసింది, ఇంకా వేగంగా నడిచింది, రాత్రిళ్ళు పడుకుని కూడా కాళ్ళు ఆడిస్తూనే ఉండేది. నాకూ మనసు నిలవలేదు. పిన్ని నడుస్తూ బల్లల అంచులకి తగులుకోవడం, పక్కనే ఉన్న మంచినీళ్ళ చెంబుని చేత్తో కొట్టేయడం కనిపిస్తూనే ఉంది. తగిలినప్పుడల్లా ఆవిడ బల్లనే తిట్టేది.

ఆ రోజు పిన్ని ఒక కోటు ఇవ్వడానికి నా బల్ల దగ్గరికి వచ్చింది. కోటు బల్ల మీద పెడుతూ, ఎడం చేయి ఆనించుకుంది. తిన్నగా వేడి ఇస్త్రీపెట్టె మీద ఆనించింది. పెట్టె అక్కడే, కళ్ళెదుటే ఉంది.

ఆ కేక విని మిషన్లన్నీ ఆగిపోయాయి. అక్క నాకంటే ముందు అక్కడుంది. ఇద్దరం ఆవిణ్ణి చెరో పక్కా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టిన నర్సు వేసుకున్నది మా కార్ఖానా కోటే. పిన్ని అంత నెప్పిలోనూ "బొత్తాలు ఊడలేదు కదమ్మా?" అని అడిగింది. నర్సు నవ్వలేదు. తను పిన్ని ఎడం వైపు నుంచి నీళ్ళ గ్లాసు అందిస్తే, పిన్ని అందుకోలేదు. నర్సు గ్లాసు కాస్త ఇటూ అటూ జరిపి చూసి, మమ్మల్ని పైన కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి పంపింది.

డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. "కంట్లో ఒత్తిడి పెరిగే ఈ జబ్బుందని మీకు ఇదివరకే చెప్పారా?"

"చెప్పారండి. అప్పుడే చుక్కల మందు రాసిచ్చారు."

"రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండి..." పిన్ని కాస్త ఆగింది. "రోజు విడిచి రోజు."

"రోజూ వేసుకోమని కదా రాసింది!"

పిన్ని తప్పు చేసిన పిల్లలా నవ్వింది. "సీసా ఖరీదెక్కువండి. ఇదిగో, ఈ అమ్మాయి దగ్గర నేర్చుకున్నా. రాసినంత వాడక్కర్లేదు, సగం వాడినా ఏమీ కాదంటుంది. సబ్బు నుంచి గ్యాసు దాకా అన్నీ అలాగే లాగిస్తుంది. బుద్ధిమంతురాలు."

నేను అక్క వైపు చూడలేకపోయాను.

ఎడమ కంట్లో చూపు దాదాపు పోయిందని, పోయింది ఇక రాదని, కుడి కంట్లో మిగిలింది నిలబడాలంటే ఒక్కరోజు కూడా మందు మానకూడదని చెప్పింది డాక్టరమ్మ. ఒక్కో మాటా ఒత్తి చెప్పింది.

బయట వరండాలోకి రాగానే మా అక్క ఇంతెత్తున లేచింది. "అడగొచ్చు కదా పిన్నీ! నీ డబ్బు నువ్వు అడగడానికేమైంది? నోట్లో నాలుక లేని మనిషివా నువ్వు?"

"ఎలా అడగనే?" పిన్నీ గొంతు పెంచింది. "అద్దె పెరిగిందంటేనే మీరు తిండి మానుకుని డబ్బు తెచ్చారు. మందు మాట ఎత్తితే పొయ్యే ఆర్పేసేదానివి. అప్పిచ్చి నిన్ను పీక్కుతిన్నట్టు కాదూ?" కొంచెం తగ్గి అంది: "అయినా అంత ముదిరిందని నాకేం తెలుసు? కాస్త మసక అనుకున్నా. నేను కుట్టిన కోటు ఒక్కటి వెనక్కి రాలేదు కదా. కళ్ళు బాగుండబట్టే కదా అనుకున్నా."

అక్క చెప్పకుండా దాటేయొచ్చు, నేనైతే దాటేసేదాన్ని. "అవి నేను మళ్ళీ కుట్టాను పిన్నీ," అంది. "రోజూ. నీకు తెలీకుండా."

పిన్నికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గోడకి ఆనుకుని నిలబడింది.

"నాకు చెప్పలేదేమే?"

"చెబితే డబ్బివ్వాలి."

కిందికి దిగేటప్పుడు అక్క చేయి పట్టుకోబోతే పిన్ని విదిలించుకుంది. నాలుగు మెట్లు తనే దిగి, అయిదో మెట్టు కనబడక, మళ్ళీ ఆ చేతినే పట్టుకుంది.

మర్నాడు మా అక్క సూపర్వైజరు దగ్గర జీతం మీద అడ్వాన్సు తీసుకుంది. అప్పు అన్న మాట వింటేనే భయపడే మనిషి ఇంకో అప్పు చేసి చుక్కల మందు కొంది. ఆ ఖర్చుని పాత బాకీలోంచి తీసేసుకోలేదు. పొద్దున పనికి పోయేముందు, సాయంత్రం వచ్చేటప్పుడు పిన్ని ఇంటికి పరిగెత్తుకెళ్ళి తనే మందు వేస్తుంది. పిన్నిని మాత్రం యజమాని కార్ఖానాలో ఉంచలేదు. బొత్తాలు ఇప్పుడు మిషనే కుడుతోంది.

బాకీ చివరి డబ్బు ఇవ్వడానికి అక్క నన్ను కూడా తీసుకెళ్ళింది. పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. నోట్లు చేతికిస్తే ఒకటి కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, తిప్పి చూసి, అన్నీ కలిపి మళ్ళీ అక్క చేతిలోనే పెట్టింది. "నువ్వే లెక్కపెట్టి చెప్పవే. సరిపోయాయంటే సరిపోయినట్టే."

అక్క పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. సగంలో ఆపి, నోట్లు నా ముందుకి చాచి పక్కకి తప్పుకుంది. నేను ఆ నోట్లు తీసుకుని మిగతావి లెక్కపెట్టి, "సరిపోయాయి పిన్నీ" అన్నాను.

"చూశావా, మొత్తానికి తీర్చేశావు. గట్టిదానివే!" అని పిన్ని నవ్వుతూ నా వైపు తిరిగి మాట్లాడింది, అక్క ఇటే ఉందనుకుని. అక్క ఆవిడకి ఎడం పక్కన నిలబడి ఏడుస్తోంది.