గొట్టంలో నల్లమచ్చ

నా తెలివి వల్ల పూతలపట్టు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నిండు సీజన్‌లో ఎలా నిలిచిపోయిందో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. పక్కన తోతాపురి తోట ఉన్నవాళ్ళెవరైనా ఉంటే మాత్రం కాస్త నెమ్మదిగా నవ్వండి.

తిరుపతిలో ఇంజనీరింగ్ అయిపోయిన కొత్త. ఒక చిన్న కంపెనీ నా చేతికొక యంత్రమిచ్చి అక్కడికి పంపింది. రాగి తీగచుట్టలున్న పట్టీని ప్లాస్టిక్ గొట్టం చుట్టూ బిగిస్తే చాలు, గుజ్జును తాకకుండానే లోపల పారేదాని బొమ్మ తెర మీద కనిపిస్తుంది. గుజ్జులో కరెంటు కొద్దిగా పారుతుంది కాబట్టి పసుపు. గాలి బుడగలో పారదు కాబట్టి తెలుపు. లోహంలో పరుగెత్తుతుంది కాబట్టి నలుపు. ఇదంతా యజమాని ఖాదర్ భాయ్‌కి ఎంత గొప్పగా చెప్పానో! పాపం, ఆయన నమ్మేశాడు.

యంత్రం పెట్టి, పట్టీ మీదుగా వంగి తెర చూశాను. నల్లమచ్చ!

"ఆపండి! గుజ్జులో ఇనుము ఉంది!" అని అరిచాను.

ఖాదర్ భాయ్ ముఖం పాలిపోయింది. "యా అల్లా! బ్లేడు ఇరిగిందా యేమప్పా?"

గొట్టం విప్పారు. మోకాళ్ళదాకా గుజ్జు. ముక్క లేదు. బ్లేళ్ళన్నీ భేషుగ్గా ఉన్నాయి. మళ్ళీ బిగించారు, మళ్ళీ వంగి చూశాను, మళ్ళీ మచ్చ!

గేటు దగ్గర రైతు రెడ్డెప్ప ట్రాక్టర్ ఎండలో ఉడుకుతోంది. "సారూ, పండు కారిపోతా ఉండాది. ఈ యేటి కాపంతా ఈ లోడే. ఇంకా పొద్దు పోతే దిబ్బలో పారబోసుకోవాల్సిందే" అని మొత్తుకున్నాడు. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు, చూడలేని నేను చుట్టుపక్కల వాళ్ళ ఒంటి మీద పడ్డాను.

"దగ్గర్లో లోహముంటే యంత్రం తడబడుతుంది. తాళాలు, బెల్టులు, గాజులు, అన్నీ తీసేయండి!"

తీశారు. మచ్చ పోలేదు. పండ్లు కోసే మునెమ్మ కాళ్ళ వైపు చూశాను.

"ఆ మెట్టెలు కూడా తీయండక్కా."

మునెమ్మ కత్తి పీట మీద పెట్టి లేచింది. "ఏమి సామీ, నా మొగుడు గుండ్రాయి మాదిరి ఉండంగానే మెట్టెలు తీయమంటావా? నీ మిషను సల్లగుండ!"

"పోనీ, అందరూ బయటికి వెళ్ళండి!" అన్నాను. అందరూ తిట్టుకుంటూ గడప దాటారు. ఖాళీ షెడ్డు. నేనూ, యంత్రమూ. వంగి చూశాను.

మచ్చ అక్కడే ఉంది.

ఖాదర్ భాయ్ గడప అవతలి నుంచే నన్ను కింద నుంచి పై దాకా చూశాడు. "అందురూ ఈడ ఉండారు గదప్పా. ఇంగ లోపల మిగిలింది ఎవురు?"

నా చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. ఉద్యోగం వచ్చిందని మా అవ్వ చేయించిన వెండి మొలతాడు! వంగి తెర చూసిన ప్రతిసారీ నా పొట్ట పట్టీకి ఆనుతోంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ గురించి విన్నాం. మొలలో వెండి పెట్టుకుని ఫ్యాక్టరీ అంతా వెతికినవాణ్ణి నేనొక్కణ్ణే.

తీద్దామంటే కొక్కెం రాలేదు. తెంపడానికి చెయ్యాడలేదు. "మగవాడు మొలతాడు తెంపకూడదంటారే..." అని నసిగాను.

"అబ్బో! మా మెట్టెలు తీయమనేదానికి నోరు ఎట్లొచ్చింది? తెంపు సామీ, తెంపు!" అంది మునెమ్మ. కటింగ్ ప్లేయర్ కూడా తనే అందించింది.

తెంపి అవతల పెట్టి, మళ్ళీ వంగి చూశాను. తెర మీద నిండు పసుపు. లైను కదిలింది. తలెత్తలేక నిలబడి ఉంటే మునెమ్మే గోనె సంచీ నుంచి పురికొస లాగి చేతిలో పెట్టింది. "కట్టుకో నాయనా. మొల బోసిగా ఉండగూడదు."

ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకోలేక, "మా గొట్టంలో యేముందో సూపించమంటే నీ నడుములో యేముందో సూపించినావు గదప్పా!" అన్నాడు.

రెడ్డెప్ప లోడు చెడకముందే దిగింది. పైన పగిలిపోయిన పళ్ళను మాత్రం ఒక బుట్టకెత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. "తిను సారూ. నీ కోసరమే మాగినాయి."

చీమలు పట్టిన పురికొస మొలతాడుతో, ఆ పళ్ళు తింటూ, ఆ గుజ్జు మడుగులోనే నిలబడి శపథం చేశాను: ఈ జన్మలో పరుల మెట్టెల వైపు కన్నెత్తి చూసే ముందు నా చొక్కా నేనే ఎత్తి చూసుకుంటాను. ఇంజనీరు మాట తప్పడు!