మస్తాన్‌బీ అక్క నూట ఇరవై ఫోను

మొన్న పొద్దున వంటింట్లో ఉండగా నా ఫోను మోగింది. మా కోడలు పచ్చడికి పండుమిర్చి తొడిమలు తీస్తోంది. ఆ చేత్తోనే ఫోను అందుకుని నాకు ఇచ్చింది. చెవికి ఆనించుకుని "ఎవరండీ" అనేలోపే చెంప చుర్రుమంది. కోడలు నాలుక కరుచుకుని కొబ్బరినూనె కోసం లేచింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. అవతల మాట్లాడుతున్నది ఎవరో, ఏం అడుగుతున్నారో ఒక్క ముక్క వినలేదు. నా చెవిలో మస్తాన్‌బీ అక్క గొంతే వినిపిస్తోంది: "ఫోను కాలిపోతోందే అంజమ్మా, తడిగుడ్డ తే."

మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి ముందు మనిషిని చెప్పాలి. అద్దంకి దగ్గర మా ఊళ్ళో మిరపకాయ కోసే ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. చేనుకి ఈ చివర నిలబడి కబురు చెబితే ఆ చివర కొంగలు లేచిపోయేవి. నేను కాపురానికి వచ్చిన ఏడాదే ఆమె ముఠాలో చేరాను. ఏ రోజు ఎవరి చేలో దిగాలో నిర్ణయించేది ఆమే. ముందురోజు సాయంత్రం రైతుకి ఫోను చేసి "రేపు వస్తున్నామండి" అని ఖాయం చేసేది. ఆ ఒక్క మాట మీద రైతు ట్రాక్టరు, మంచినీళ్ళ డ్రమ్ము, కాయ మీద కప్పే పట్టాలు సిద్ధం చేసుకునేవాడు. ఆ మాట తప్పిన మేస్త్రిని మరుసటి ఏడు ఎవరూ పిలవరు. మేస్త్రిని పిలవకపోతే ముఠా మొత్తం ఇంట్లో కూర్చోవాలి. "మనందరి కూడూ నా నోట్లో ఉందే" అనేది అక్క. అది గొప్ప కోసం అన్న మాట కాదు, ఉన్న సంగతి.

ఆమెకి చదువు రాదు. నాకు అయిదో తరగతి దాకా వచ్చింది, అందుకని ముఠాలో నేనే పండితురాలిని. మీటల ఫోను రోజుల్లో ఎవరికి ఫోను చేయాలన్నా "సాంబయ్యగారిని తీయవే" అని నా చేతికిచ్చేది. నేను అన్నం తింటున్నా సరే, పిల్లకి తలంటుతున్నా సరే, చేయి తుడుచుకుని పేరు వెతకాల్సిందే. నాకు అది ముచ్చటగానే ఉండేది. ఆమెకే నచ్చేది కాదు. "నోరు నాది, దాని తాళంచెవి నీది. ఇదేం మేస్త్రీరికమే" అని విసుక్కునేది.

ఆ తాళంచెవి కోసమే ఒకసారి మొదటి కోత ముగిశాక నన్ను వెంటబెట్టుకుని అద్దంకిలో ఫోన్ల కొట్టుకి వెళ్ళింది. కొట్టతను రెండు అద్దాల ఫోన్లు పక్కపక్కన పెట్టాడు.

"ఇది అరవై అమ్మా, ఇది నూట ఇరవై. సెకనులో ఇది బొమ్మని అరవైసార్లు గీస్తుంది, అది నూట ఇరవైసార్లు గీస్తుంది."

"గీసిందే మళ్ళీ గీయడం ఎందుకయ్యా? మొదటిసారి సరిగ్గా రాలేదా?"

"అలా కాదమ్మా, వేలితో జరిపి చూడండి, మీకే తెలుస్తుంది."

రెండింట్లోనూ మనుషుల ఫొటోల వరస తెరిచి ఇచ్చాడు. అక్క మొదటిదాన్ని వేలితో గట్టిగా తోసింది. మొహాలన్నీ తడి గోడ మీద సున్నంలా ఒకదాంట్లోకి ఒకటి అలుక్కుపోయాయి. రెండోదాన్ని తోసింది. మొహాలు పరుగెడుతున్నాయి కానీ, పరుగులో కూడా ఎవరి మొహం వాళ్ళకి ఉంది. అక్క రెండు మూడుసార్లు తోసి చూసి, నా వైపు తిరిగింది. "ఏమే, ఇందులో మనుషులు నిలబడుతున్నారే" అంది. అక్షరాలు రాని మనిషికి మొహాలే అక్షరాలు. ఆ ఫోను ఉంటే ఇక నన్ను పిలవక్కర్లేదని అప్పుడే అర్థమైంది ఆమెకి.

"నూట ఇరవై అయితే బ్యాటరీ తొందరగా దిగుతుందమ్మా, ఆలోచించుకోండి" అన్నాడు కొట్టతను.

"ఎక్కువ పని చేసేవాడు ఎక్కువ తినడా? తిననీ."

చార్జింగ్ ఎక్కించే డబ్బా ఒకటి కూడా చూపించాడు. "ఫోనుకి అన్నం క్యారేజీ కూడా నేనే మోయాలా" అని పక్కకి నెట్టేసింది.

ఆ వారమంతా ఊళ్ళో రైతులకి ఫొటోలు తీసి, నా చేత ఎవరి నంబరుకి వాళ్ళ మొహం పెట్టించే పని పెట్టుకుంది. పాపం అందరూ బుద్ధిగా నిలబడ్డారు. సాంబయ్యగారు, కోటయ్యగారు అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. పొలం పంచుకున్ననాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరి చేలకీ మధ్య ఒకటే గట్టు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ తెల్లపంచె కట్టి, ఆకుపచ్చ తువ్వాలు వేసుకుని, ఎవరి మిరపకాయల రాశి పక్కన వాళ్ళు నిలబడి ఫొటో దిగారు. బయట ఎడమొహం పెడమొహం, ఫోనులో మాత్రం ఇద్దరిదీ ఒకే మొహం.

రెండో కోత మొదలయ్యాక ఒకరోజు అక్క ఫోను చెవికి పెట్టుకుని ఉలిక్కిపడింది. కాలిపోతోందంది. ఫోను చేతులు మారింది. పెట్టుకున్న ప్రతివాళ్ళమూ "అవునక్కా, కాలుతోంది" అన్నాం. నూట ఇరవైలో పరుగెత్తీ పరుగెత్తీ ఒళ్ళు వేడెక్కిందని తేల్చి, తడిగుడ్డ చుట్టి నీళ్ళ డ్రమ్ము నీడన పడుకోబెట్టాం. కోత లేని రోజు చూసి కొట్టుకి తీసుకెళ్ళాం. కొట్టతను చేత్తో పట్టుకుని చూశాడు.

"చల్లగానే ఉందమ్మా."

"చేత్తో కాదయ్యా, చెవికి పెట్టుకో."

పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది. ఏమిటో తెలియక అదే చేత్తో కన్ను నులుముకున్నాడు. ఇక చూడాలి, కొట్టు వెనక కుళాయి దగ్గరికి పరుగే పరుగు. "చూశావుగా, అమ్మినవాణ్ణి కూడా వదల్లేదు" అంది అక్క. అతను కన్నీళ్ళు కారుస్తూ వచ్చి, "అది బ్యాటరీ కాదమ్మా తల్లీ, మీ చేతుల కారం" అని దణ్ణం పెట్టాడు. ఏళ్ళ తరబడి కారంలో నానిన చేతులు మావి, వాటికి తెలియలేదు. చెంపలకి తెలిసింది.

వేడి సంగతి అలా తేలింది కానీ, చార్జింగ్ సంగతి తేలలేదు. అక్క ఫోను ఊరికే ఉండనిచ్చేది కాదు. పనున్నా లేకపోయినా ఆ మొహాల వరసని తోసి, టక్కున వేలు పెట్టి, "ఇదిగో ఆటో వెంకట్రావు" అని ఆపి మురిసిపోయేది. మధ్యాహ్నం దాటేసరికి అద్దం నల్లబడేది. చేలల్లో చార్జింగ్ పెట్టే దారి లేదు. మా ఫోన్లేమో ఇళ్ళ దగ్గర పిల్లల చేతుల్లో ఆటలాడుతూ ఉండేవి. ఒక సాయంత్రం ఆటోని పిలిచే దిక్కు లేక, క్యారేజీలు చంకన పెట్టుకుని ఊరిదాకా నడిచాం.

దారిలో రమణమ్మ ఎత్తుకుంది. ముఠాలో అక్కకి ఎదురు చెప్పగల నోరు ఆమె ఒక్కతిదే.

"అక్కా, దాన్ని అరవైకి దించుదూ. మా కాళ్ళు పడిపోతున్నాయి."

"దించితే మొహాలు చెదురుతాయే."

"చెదిరితే అంజమ్మ ఉందిగా, చూసి పెడుతుంది."

"అంజమ్మ ఉందిగా అంజమ్మ ఉందిగా అని ఎన్నాళ్ళే? అదే వద్దని కదా ఇది కొన్నది."

రమణమ్మ అప్పటికి నోరు మూసుకుంది. మర్నాడు అక్క మోటారు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, ఆటో వెంకట్రావు చేత ఫోను గుట్టుగా అరవైకి మార్పించింది. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం ఫోనులో సగం చార్జింగ్ మిగిలి ఉండడం చూసి అక్క పొంగిపోయింది. "చూశారా, దీనికీ పని అలవాటైంది" అంది. మొహాలు మసగ్గా కనబడితే రోజంతా కారంలో ఉన్న కళ్ళు కదా అనుకుంది. సాంబయ్యగారి చేలో దిగుతామని వారం ముందే మాటిచ్చి ఉంది. వరస తోసింది, ఎరుపు రాశి పక్కన తెల్లపంచె కనిపించగానే వేలు పెట్టింది.

"రేపు పొద్దున్నే వస్తున్నామండి."

"సరే రండి, నా ఫోన్లో చార్జింగ్ లేదు" అని అవతల పెట్టేశారు. అన్నదమ్ములిద్దరి గొంతూ ఒకటే. ఎత్తింది కోటయ్యగారు.

తెల్లవారేసరికి మా వీధిలోకి ఇటునుంచి ఒక ట్రాక్టరు, అటునుంచి ఒక ట్రాక్టరు వచ్చి ముక్కూ ముక్కూ ఆనించి ఆగాయి. పడమట మబ్బు పట్టి ఉంది. పండిన కాయ తడిస్తే రంగు పోయి తాలైపోతుంది. ఇద్దరి చేలూ ఎర్రగా పండి ఉన్నాయి.

"ఏమ్మా మస్తాన్‌బీ, నాకు వారం కిందట మాటిచ్చావు" అన్నారు సాంబయ్యగారు.

కోటయ్యగారు అన్నవైపు చూడకుండా ట్రాక్టరు చక్రంతో చెప్పినట్టు చెప్పారు. "నాకు నిన్న ఫోను చేసి మరీ చెప్పావు. కావాలంటే అందులో చూసుకోమనమ్మా ఆయన్ని."

"మాటంటే ముందు ఇచ్చింది మాటని చెప్పమ్మా ఆయనకి."

వీధంతా అరుగుల మీదికి వచ్చింది. పక్క ఊరి ముఠా మేస్త్రి కూడా ఎందుకొచ్చిందో అప్పుడే వచ్చింది. రమణమ్మ నా వెనక్కి చేరి, నా చెవిలో జరిగింది చెప్పేసింది. అక్క ఫోను తీసి ఒకసారి వరస తోసింది. రెండు ఎర్రరాశులూ ఒకే మరకగా జారిపోయాయి. తర్వాత తల ఎత్తి రమణమ్మని చూసింది. ఆ మొహం చదవడానికి నూట ఇరవై అక్కర్లేదు. ఇప్పుడు పేరు చెబుతుందనుకున్నాను. చెప్పి ఉంటే తప్పు రమణమ్మ మీదికి పోయేది, అక్క పేరు నిలబడేది.

"రెండు మాటలూ నావేనండి" అంది అక్క. "నా వేలు తప్పింది. ఇద్దరి చేలోకీ వస్తాం. పొద్దు వాలేలోపు ఇద్దరి కాయా పట్టా కింద ఉంటుంది."

"సగం ముఠా ఇటు, సగం అటా? అటు మేస్త్రి ఎవరు?" అన్నారు సాంబయ్యగారు.

"అంజమ్మ."

ఇంకో అంజమ్మ ఎవరైనా ఉందేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. రమణమ్మ తప్ప ఎవరూ లేరు.

కోటయ్యగారి చేలో దిగాను. మబ్బు చూసి భయపడి, పొద్దున్నే అందరినీ పరుగు పెట్టించాను. తల ఎత్తనివ్వలేదు, నీళ్ళకి వెళితే కేకలేశాను. ఆకాశం వైపు చూసినవాళ్ళ మీద కూడా అరిచాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒక్కొక్కరే గట్టు మీద కూలబడ్డారు. నేను ఎంత అరిచినా లేవలేదు. సగం చేను అలాగే ఉంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. అప్పుడు అక్క గట్టు దాటి వచ్చింది. ఆమెవాళ్ళు పక్క చేలో ఇంకా నింపాదిగా పాటలు పాడుకుంటూ కోస్తున్నారు.

"ఏమే, నా ఫోనులాగే వీళ్ళనీ మధ్యాహ్నానికి పడుకోబెట్టావా" అంది.

ఆమె అందరి మధ్యా కూర్చుని నీళ్ళు తాగించింది. తన అత్తగారు ఒకసారి ఎలుగుబంటి అనుకుని కంబళి కప్పుకున్న మామగారిని కర్రతో తరిమిన కథ చెప్పింది. అందరూ పొట్టలు పట్టుకున్నారు. "నింపాదిగా లేవండి. పరుగు నేను చెప్పినప్పుడు" అంది. అప్పటి నుంచి రెండు చేలకీ మధ్య గట్టు మీదే నిలబడింది. మబ్బు మీదే కన్నేసి ఉంచింది. ఉరుము దగ్గరగా వినబడగానే "ఇప్పుడు" అంది. ఎక్కడ దాచుకున్నారో కానీ, అంతమందికీ చేతులు రెట్టింపయ్యాయి. ఆఖరి గోతం కట్టి లాగేసరికి చినుకు మొదలైంది. కోటయ్యగారి పట్టా చాల్లేదు. సాంబయ్యగారు తన దగ్గర మిగిలింది తెచ్చి తమ్ముడి రాశి మీద విసిరి, "మస్తాన్‌బీ, ఉతికి ఇమ్మని చెప్పు ఆయనకి" అని వెళ్ళిపోయారు.

రమణమ్మని అక్క ఆ తర్వాత కూడా ఏమీ అడగలేదు. పైగా ఫోనుని అరవైలోనే ఉంచింది. మరి మొహాలెలాగంటే, చెదిరినా తెలిసే ఫొటోలు పెడితే సరి అంది. మళ్ళీ ఊరంతా తిరిగింది. ఒకరికి పసుపు దుప్పటి, ఒకరికి ఎర్ర మోటారు సైకిలు, ఒకరికి నీలం గుమ్మం. సాంబయ్యగారికి నల్ల గేదె వచ్చింది. ఆయనకి కోపం వచ్చింది.

"నన్ను గేదెని చేశావా?"

"తెల్లపంచెలు ఊళ్ళో చాలా ఉన్నాయండి. అలాంటి గేదె మీకొక్కరికే ఉంది."

ఆ మాటకి ఆయన చల్లబడ్డారు. ఆ తర్వాత ఎన్ని కోతలు కోశామో, అక్క పిలవాల్సినవాళ్ళనే పిలిచింది. ఎవరి చేతికీ ఫోను ఇవ్వలేదు. సాయంత్రం దాకా చార్జింగ్ ఉండేది.

ఆమె పోయి రెండేళ్ళు దాటింది. ముఠా ఇప్పుడు నాది. పోయిన కోతల్లో మా లక్ష్మి, కొత్తగా చేరిన అమ్మాయి, నా బదులు ఫోను ఎత్తి ఒక రైతుకి తప్పు రోజు చెప్పింది. ఆయన కల్లం దగ్గరికి వచ్చి అందరి ముందూ నిలబడి, "ఎవరు చెప్పారు నాకు మంగళవారమని" అని అరిచాడు. లక్ష్మి గోతం వెనక తల దించుకుంది. పాతికమంది కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. నాకు ఆలోచించే తీరిక కూడా లేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నేనేనండి" అన్నాను. "కూర్చోండి. ముందు మజ్జిగ తాగండి."

ఆయన కూర్చున్నాడు. మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది లక్ష్మి.