ఆరో బంటు

మా మఠంలో డీట్‌హెల్మ్ స్వామికి అన్నీ అనుమానాలే. వంటశాలలోకి వచ్చి, క్యాబేజీ పులియడానికి ఎన్నాళ్లు పడుతుందని వంటవాణ్ణి నన్నే అడిగేవాడు.

ఆ ఏడు ఆయన చదరంగం మీద కావ్యం రాస్తున్నాడు. లాటిన్ పుస్తకంలో ఉన్న నీతులను మన జర్మన్ పద్యాల్లోకి దింపాలి. రాజూ రాణీ అయిపోయి బంట్ల దగ్గరికి వచ్చాడు. ఒక్కో బంటుదీ ఒక్కో వృత్తి. రైతు, కమ్మరి, నేతగాడు, ఇలా పోగా ఆరోవాడు పూటకూళ్లవాడు. ద్రాక్షసారాలో నీళ్లు కలిపే జాతి అని వాణ్ణి తిట్టి, ఆ పద్యాన్ని సంతలో చదివాడు.

మర్నాడే రేవు దగ్గర పూటకూటిల్లు నడిపే హెమ్మా మఠం గుమ్మంలో నిలబడింది.

"ఏం స్వామీ, నేను నీళ్లు కలపడం తమరు చూశారా?"

"చూడలేదమ్మా. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం మా ఇంట్లో ఎప్పుడు తాగిందో!"

ఇంకొకరైతే కసిరి పంపేవారు. ఈయన మొహం వెలిగిపోయింది. "అయితే వచ్చి చూడనా?" అన్నాడు.

మూడు రోజులు పీపాల పక్కనే కూర్చున్నాడు. హెమ్మా ఎవరికీ చుక్క నీళ్లు కలపలేదు, బండి తోలే రూడీకి తప్ప. వాడికి మూడో గిన్నె నుంచి సగం నీళ్లే.

"మరి ఇది మోసం కాదా?"

"మోసమే, రాసుకోండి. కలపకపోతే వాణ్ణి ఇంటికి మోసుకెళ్లాలి. పెళ్లాం నిండు చూలాలు. అదీ రాయండి."

రెండు వారాలు ఆయనకు ముద్ద దిగలేదు. "పాపమూ దయా ఒకే గిన్నెలో ఎలా ఇముడుతాయిరా?" అని నన్నడిగేవాడు. చివరికి ఇరవై పాదాలు రాశాడు.

"ఇది లాటిన్‌లో లేదే!" అన్నారు మఠాధిపతి.

"ఊళ్లో ఉంది స్వామీ."

చలికాలం మొదట్లో వచ్చే మార్టిన్ పండుగనాడు, బాతు మాంసం తిన్నాక, హెమ్మా ఇంట్లోనే ఆ పద్యాలు చదివాడు. అందులో బండివాడనే ఉంది, పేరు లేదు. అందరికంటే గట్టిగా నవ్వింది రూడీయే. ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు.

"ఎవరా బండివాడు?"

హెమ్మా చూపు పీపా మీదికి తిప్పుకుంది. రూడీ గిన్నె అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

వారం తరవాత రూడీ మా వంటశాల వాకిట్లోకి వచ్చాడు. డీట్‌హెల్మ్ స్వామి అక్షరాలు గీకేసే కత్తీ, ఆ పద్యాలున్న తోలు కాగితమూ తెచ్చాడు.

"తప్పు నాదే నాయనా. గీకేస్తాను."

"ముందు ఇంకోసారి చదవండి."

చదివాడు. రూడీ తల వంచుకుని విన్నాడు.

"చివర్లో వాడు తన కాళ్ల మీదే ఇంటికి వెళ్తాడు కదూ?"

"అవును."

"అయితే ఉండనివ్వండి."

రూడీ తాగుడు మానలేదు. కాకపోతే మూడో గిన్నె వచ్చేసరికి తనే "నీళ్లు పోయవే హెమ్మక్కా" అనేవాడు. డీట్‌హెల్మ్ స్వామి మాత్రం అప్పటికే ఏడో బంటు మీద పడ్డాడు. కోట గుమ్మం దగ్గర చేరి, తాళం లోపల ఏముంటుందో చూపించమని కావలివాణ్ణి సతాయిస్తున్నాడు.