ఎవరి కాళ్లు కడిగినట్టు?

కొత్తకోట దగ్గరి ఆ ఊళ్లో భాగ్యశ్రీ కుట్టిన జాకెట్టు తొడగని ఆడమనిషి లేదు. అంత నీటైన చేతిపని. అలాంటిది, కడుపుతో నాలుగో నెల దాటాక ఆ చేతులే మాట వినడం మానేశాయి. కత్తెర పట్టుకుంటే వేళ్లు వాటంతటవే ఎగిరేవి. తల దానంతటదే పక్కకు ఊగేది. నిద్రలో మాత్రం అన్నీ ఆగేవి. సిగ్గుతో చేతులు కొంగులో దాచుకుని, మిషను చెడిపోయిందని చెప్పి వచ్చినవాళ్లను తిప్పి పంపేది.

ఎన్నాళ్లని దాస్తుంది? బోనాల నాడు అందరి ముందే చేతులు ఎగిరాయి. "నా కోడలికి శిగమొచ్చింది! ఎల్లమ్మ తల్లి దిగింది!" అని అత్త ఉప్పలమ్మ మురిసిపోయింది. భాగ్యశ్రీ కాదనలేదు. రోగమంటే నలుగురూ నవ్వుతారు, దేవతంటే దండం పెడతారు. ఆ దండాల కోసం నోరు మూసుకుంది. మంగళవారం మంగళవారం పెద్దదైన అత్త వంగి తన కాళ్లు కడిగి పసుపు రాస్తుంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోయేది.

దండం పెట్టుకోవడానికి ఆడవాళ్లు చేరిన అలాంటి ఒక మంగళవారం, పక్కింటి నర్సింగమ్మ అమ్మవారి మాట అడగడానికి వచ్చి ముందు కూర్చుంది.

"తల్లీ, మా ఇంటాయన కాలి పుండు నల్లగైతాంది. పాలమూరు దవాఖానకు తోల్కపోవాల్నా?"

భాగ్యశ్రీ తల అడ్డంగా ఊగింది.

"వద్దంటాంది తల్లి" అని నర్సింగమ్మ లేచింది.

భాగ్యశ్రీ పరుగున వెళ్లి వాకిలికి అడ్డం నిలబడింది. "వద్దని నేననలే, పెద్దమ్మా. నా తల దానంతటదే ఊగుతాంది. అమ్మ గిమ్మ ఎవ్వరు రాలే. నాకేదో రోగం. నీకు దండం పెడ్త, ఇయ్యాల్నే తోల్కపో." చెబుతున్నంతసేపూ తల ఊగుతూనే ఉంది. అక్కడున్న ఆడవాళ్లు ఒక్కరూ నవ్వలేదు.

ఉప్పలమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "మరి ఇన్నొద్దులు నేనెవరి కాళ్లు కడిగినే?"

"నాయే, అత్తమ్మా."

నర్సింగమ్మ మొగుడిని ఎక్కించిన ఆటోలోనే భాగ్యశ్రీ కూడా పాలమూరు వెళ్లింది. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చినవాళ్లలో కొందరికి గర్భంలో ఇలా అవుతుందని, కాన్పు తర్వాత చాలామందికి తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. అలాగే తగ్గింది. నర్సింగమ్మ మొగుడి కాలూ దక్కింది.

ఇప్పుడు భాగ్యశ్రీ మళ్లీ జాకెట్లు కుడుతోంది. పాపకు పాలిస్తూ కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఉప్పలమ్మ ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటుంది. భాగ్యశ్రీ కాళ్లు ముడుచుకుని, వాటి మీద చీర కప్పుకుంటుంది.