రసానికి మిగిలిన ఐదు ఎండ్రికాయలు

మూడో కాన్పు అత్తగారింట్లోనే అయిన మా చిన్నమ్మాయి లక్ష్మికి ఛాతీ పట్టేసి ఒకటే దగ్గు. నాలుగు రోజులుగా ఏం పెట్టినా మట్టిలా ఉందని గిన్నె తోసేస్తోందని, ఇలాగే ఉంటే పసిగుడ్డుకు పాలుండవని కబురొచ్చింది. అలాంటి దగ్గుకు మా ఇళ్లలో ఎండ్రికాయల రసమే మందు. వాళ్ల ఊళ్లో వాగుంది గానీ, కమ్యూనిస్టు దళాల కోసం గాలిస్తున్న పోలీసులు ఎవరినీ అందులోకి దిగనివ్వడం లేదు. అందుకే కార్తీక మాసమైనా సరే, భువనగిరి చెరువు తూము దగ్గర డజను ఎండ్రికాయలు కొని, కుండలో వేసి, మూతికి గుడ్డ కట్టి బయలుదేరాను.

వలిగొండ దాకా బస్సుకు నిజాం హాలీ సిక్కాల్లో నాలుగణాలు. ఏడింటి బస్సు ఎనిమిదిన్నరకు కదిలింది. అక్కడి నుంచి మల్లయ్య ఎడ్లబండిలో రెండు కోసులు. రజాకార్ల పీడ పోయింది, ఇక దారులు తేలికవుతాయనుకున్నాను. లక్ష్మి వాళ్ల ఊరి బయట కొత్తగా వెదురు అడ్డం కట్టారు. దాని పక్కన గోదావరి జిల్లా నుంచి వచ్చిన పోలీసు నిలబడ్డాడు.

“కుండలో ఏంటండీ? అడవిలో వాళ్లకి అన్నమా?”

“ఎండ్రికాయలు నాయనా,” అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే.

“ఏ కాయలైనా సరే, కింద పోయండి. చూడాలి.”

“పోస్తే ఉరుకుతయ్ సార్,” అన్నాడు మల్లయ్య.

“కాయలు ఉరకడమేంటయ్యా, ఎగతాళా?” అంటూ అతనే గుడ్డ విప్పి కుండ బోర్లించాడు.

డజనూ తలో దిక్కుకు పోయాయి. ఒకటి మాత్రం అతని వేలు పట్టుకుంది.

“పీతలని చెప్పొచ్చు కదండీ,” అన్నాడు పళ్లు బిగించి.

“మా దిక్కు గట్లనే అంటరు సార్. జర చెయ్యి గుంజకున్రి, ఇంకా గట్టిగ పడ్తది,” అన్నాడు మల్లయ్య.

ముగ్గురం ముప్పావు గంట తుమ్మకంపల్లో వెతికితే ఐదు దొరికాయి. నోట్లోకొచ్చిన మాటను రామనామంతో మింగేశాను.

ఒంటిగంటకు ఇల్లు చేరి స్నానం చేసి, మళ్లీ వాటినే పట్టుకోవలసి వచ్చింది. చచ్చినవి రసానికి పనికిరావు. బతికున్న ఐదింటినీ కడిగి, పైడొప్ప తీసి, రోట్లో దంచి, నీళ్లు పోసి పలుచటి గుడ్డలో వడగట్టాను. మిరియాలు, వెల్లుల్లి, పసుపు వేసి సన్నని మంట మీద మరిగించాను. ఉప్పు దగ్గర ఆగిపోయాను. కార్తీకంలో నేను నీసు నోట పెట్టను.

“మీరైనా జర రుచి చూడున్రి వదినా,” అన్నాను లక్ష్మి అత్తగారితో.

“నాకు గూడ ఒక్కపొద్దే గద. అందాజుగ వెయ్యి,” అందామె, గుమ్మంలోంచి కదలకుండా.

అందాజుగానే వేశాను. లక్ష్మి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

“గింత ఉప్పేందమ్మా?”

నాకు ఒళ్లు మండింది. “వద్దంటే గిన్నె ఇటియ్యి,” అని చెయ్యి చాపాను.

“ఉండనియ్యి, తాగుతున్న గద,” అని గిన్నె తనవైపు లాక్కుని, అడుగు దాకా తాగింది.

పొద్దుటి నుంచి బస్సు, పోలీసు, ముళ్లు, మడి, అన్నీ విసిగించినవే. చివరికి మాట కూడా పడ్డాను. అయినా నాలుగు రోజులుగా ఏ రుచీ తెలియని పిల్ల ఉప్పు ఎక్కువైందని నన్ను తప్పుపట్టిందంటే, అంతకన్నా ఏం కావాలి? గోడకు చేరబడి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఈ దారిన ఎండ్రికాయలు తీసుకెళ్లేవారికి ఒకటే మాట: కుండ వద్దు. తడిగడ్డి పరిచి, మూత గట్టిగా కట్టిన వెదురు బుట్టలో తీసుకెళ్లండి. పోలీసులు సందుల్లోంచి చూసి వదిలేస్తారు.