సాంచ పని

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటాం. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంటుందని జగిత్యాల వచ్చేదాకా నాకు తెలియదు.

పీజీలో చేరిన మొదటి ఏడు. తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపు మీదుంది. నాలుగు రోజులు తెరిస్తే రెండు రోజులు బంద్. కరెంటు కోతలు సరేసరి. సాంచాలు ఆగితే మా ఇంట్లో పొయ్యి కూడా ఆలోచించుకుని వెలుగుతుంది. బాపు ఫోన్ చేసి, "బిడ్డా, ఈ నెల సూద్దాం. గాకుంటె ఇంటికొచ్చెయ్, మల్ల ఏడు సదువుదువు" అన్నాడు. మళ్లీ ఏడు అంటే ఏమిటో నాకు తెలియదా? మా వాడలో అలా చదువు ఆపిన ఆడపిల్లలంతా ఇప్పటికీ నూలు కండెలు చుడుతూనే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది, బాపు మీద మాత్రం కాదు. నెల తిరిగేలోగా ఏదో ఒక పని చూసుకోవాలి, అంతే.

జిరాక్స్ సెంటర్, చీరల షాపు, ట్యూషన్ చెప్పే ఇల్లు, అన్నీ తిరిగాను. "మాకే గిరాకీ లేదమ్మా" అన్నారు అందరూ. ఒకాయన మాత్రం "సిరిసిల్లోళ్లు గూడ గింత సదువు సదువుతరా?" అని నవ్వాడు. నీ పని నువ్వే ఉంచుకో అనేసి మెట్లు దిగాను.

ఆ పక్క సందులో ఒక ఇనుప గేటుకు అట్టముక్క వేలాడుతోంది. సాంచ పని వచ్చిన ఆడమనిషి కావాలని ఉర్దూలోనూ తెలుగులోనూ రాసి ఉంది. జగిత్యాలలో కూడా సాంచాలున్నాయా! గేటు కొట్టాను. తల మీద కొంగు, చేతులకు పిండి, ఒక పెద్దావిడ వచ్చింది.

"ఖాలా, సాంచ పనికి అచ్చిన."

"వస్తదా నీకు?"

సిరిసిల్ల పిల్లను అడగాల్సిన ప్రశ్నేనా అది? "సాంచాల నడుమనే పుట్టిన ఖాలా. మా బాపు ఒక్కడే ఎనిమిది నడుపుతడు."

"ఎనిమిదా? ఒక్కసారే?"

"ఒక్కసారే. అటు నాలుగు, ఇటు నాలుగు."

ఆమె నోరు తెరిచి నా చేతుల వంక చూసింది. "యా అల్లా! రేపటిసంది రా బేటీ."

మర్నాడు పొద్దున్నే వెళ్తే మగ్గాల మోత లేదు. నూనె కాగుతున్న వాసన వచ్చింది. ఖాలా నా చేతిలో మడతపడే ఇత్తడి అచ్చు ఒకటి పెట్టి, "ఇగో సాంచా, కానియ్యి" అంది. గర్జెలు, అదే కజ్జికాయలు, ఒత్తే అచ్చు అది. ఉర్దూలో సాంచా అంటే అచ్చట! ఆవిడ పెళ్లిళ్లకు, దుకాణాలకు గర్జెలు చేసి పంపుతుంది. నిజం చెబితే పని పోతుంది. కిక్కురుమనకుండా పూరీ పరిచాను, రవ్వా కొబ్బరీ దండిగా కూరాను, బలమంతా పెట్టి నొక్కాను. మొదటి వాయి మొత్తం నూనెలో నోళ్లు తెరిచింది. లోపలి రవ్వ అంతా కడాయిలో మాడింది.

ఖాలా కడాయిని చూసింది, నన్ను చూసింది. "మీ బాపు ఎనిమిది నడుపుతడంటివి గద?"

"అవి బట్ట నేసే సాంచాలు ఖాలా." ఏడుపు ఆపుకోవడానికి కాస్త గట్టిగానే అన్నాను.

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత గోడ పట్టుకుని నవ్వింది. "నేనింకా మీ బాపుకు ఎనిమిది చేతులున్నయేమో అనుకున్న!" కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది. "ఎనిమిది మగ్గాలు ఒక్కడే నడుపుడు నిజమేనా?"

"నిజమే."

"గట్లయితె గాయన బిడ్డకు గీ ఒక్కటి రాదా? కూసో."

వారంలో వచ్చింది. సాంచాల దగ్గర పెరిగిన కన్ను తెగిన పోగును దూరం నుంచే పట్టేస్తుంది. అదే కన్ను గర్జె అంచులో వెంట్రుకంత సందును కూడా వదల్లేదు. నూనెలో పడకముందే తీసి మళ్లీ ఒత్తేదాన్ని. "నువ్వు సూసినంక నేను సూడ" అనేసింది ఖాలా. గర్వపడ్డానా అంటే పడ్డాను, దాచుకోవడమెందుకు? పొద్దున ఖాలా ఇల్లు, ఆ తర్వాత క్లాసు. మెస్సు ఖర్చుకు ఎవరినీ అడిగే పని లేకుండా పోయింది. నెల నిండాక చెబుదామని బాపుకు మాత్రం ఇంకా చెప్పలేదు.

నెలాఖరున పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం, అదీ నిరసన. కోరుట్ల, మల్లాపూర్ దిక్కు నుంచి కూడా జనం వచ్చారు. ఖాలా, నేను తాంబాలం నిండా గర్జెలు పట్టుకుని వెళ్లాం. పంచుతుంటే ఎదురుగా బాపు! బస్సులు లేని రోజున ఎవరిదో బండి వెనక కూర్చుని వచ్చాడు. చేతిలో ఖాళీ సంచి. అది నా బట్టలకూ పుస్తకాలకూ అని అడక్కుండానే తెలిసింది.

"పా బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు నా మొహం చూడకుండా.

ఒక గర్జె తీసి ఆయన చేతిలో పెట్టాను. "నేనే చేసిన బాపూ. ఖాలా ఇంట్ల పని దొరికింది."

బాపు వెంటనే తినలేదు. మగ్గం మీంచి దిగిన తానును చూసినట్టే, ఆ చివర నుంచి ఈ చివరకు బొటనవేలితో అంచంతా తడిమి చూశాడు. మా బాపు దేన్నీ మెచ్చే మనిషి కాదు. తాను నేసిన బట్టను కూడా "నడుస్తది" అని వదిలేస్తాడు.

"అంచు మంచిగొచ్చింది బిడ్డా" అన్నాడు.

ఖాలా ఆయన చేతిలోని సంచి తీసుకుని గర్జెలు పోసింది. ఆ సాయంత్రం బాపు ఆ సంచితోనే సిరిసిల్ల వెళ్లాడు, ఒక్కడే.